హార్డనర్ పాలతోడు కాదు: ఇంట్లో పువ్వు లాకెట్ చేయడం ఎలా

మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది ఒడియా. పువ్వు మీద పోస్తే అద్దంలా గట్టిపడే ద్రవం, అదే రెజిన్, దాని సీసా మీద రాసి ఉండేది మాత్రం ఇంగ్లీషు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు కలిసింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. కానీ చుట్టరికాలు, పెళ్లిళ్లు, కూరగాయల బేరాలు రెండు వైపులా మామూలుగానే సాగుతున్నాయి. నా దగ్గర ఈ పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు కూడా రెండు వైపుల నుంచీ వస్తారు. వాళ్లందరూ నన్ను మొదట అడిగేది ఒకటే: "పిన్నీ, నాది ఎందుకు గట్టిపడలేదు?" వాళ్లకి ఇన్నాళ్లూ నోటితో చెబుతూ వచ్చినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఒక్క లాకెట్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. ఇది చేయడం వస్తే కమ్మలు, కీచెయిన్లు, టీ కప్పు కింద పెట్టుకునే కోస్టర్లు అన్నీ వచ్చినట్టే.

ముందుగా ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. ఎపాక్సీ రెజిన్ రెండు సీసాల్లో వస్తుంది. ఒకటి రెజిన్, రెండోది హార్డనర్. పాలలో తోడు కాస్త ఎక్కువేస్తే పెరుగు తొందరగా తోడుకుంటుంది కదా, అలాగే హార్డనర్ కూడా ఒక చుక్క ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. హార్డనర్ తోడు కాదు, జంటలో సగం. రెజిన్‌లోని ప్రతి అణువుకీ హార్డనర్ నుంచి జత దొరకాలి. ఎక్కువ వేస్తే జత దొరకని హార్డనర్ మిగిలిపోతుంది, తక్కువ వేస్తే జత దొరకని రెజిన్ మిగిలిపోతుంది. ఎలా చూసినా ముక్క మెత్తగానో జిగటగానో ఉండిపోతుంది. నెల రోజులు ఆగినా అది గట్టిపడదు.

తెచ్చుకోవాల్సినవి

పారదర్శకంగా ఉండే ఆర్ట్ రెజిన్ చిన్న సెట్టు తీసుకోండి. మొదటిసారికి పావు కిలో చాలు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా, అంటే గ్రాములో పదో వంతు కూడా చూపించేది, తప్పకుండా కొనండి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి కానీ కాటా దగ్గర వద్దు. ఇంకా కావాల్సినవి: సిలికాన్ అచ్చులు, ప్లాస్టిక్ కప్పులు, ఐస్‌క్రీమ్ పుల్లలు, టూత్‌పిక్‌లు, నైట్రైల్ అనే రబ్బరు గ్లోవ్స్, 400 నుంచి 2000 నంబరు దాకా నీళ్లలో రుద్దే ఎమిరీ పేపర్లు, 1 మిల్లీమీటరు డ్రిల్ బిట్టు, దాన్ని పట్టుకుని చేత్తో తిప్పే చిన్న పిడి, ఐ పిన్నులు (ఒక చివర చిన్న కన్ను ఉండే తీగ ముక్కలు), జంప్ రింగులు (గొలుసుకి తగిలించే చిన్న వలయాలు), రెండు పట్టకార్లు. బరంపురంలోనో విశాఖలోనో ఇవన్నీ ఒకేసారి కొనుక్కోవచ్చు. లేదంటే ఆన్‌లైన్లో తెప్పించుకోండి.

యూవీ రెజిన్ అని ఇంకొకటి ఉంది. అది ఒక్క సీసాలోనే వస్తుంది, యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కింద పెడితే రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. పల్చటి పొరలకి, ఐ పిన్ను అతికించడానికి బాగుంటుంది. మందంగా పోస్తే, ముదురు రంగు కలిపితే వెలుతురు లోపలికి దిగదు, అడుగు పచ్చిగానే ఉండిపోతుంది. ఇక్కడ నేను చెబుతున్నదంతా రెండు సీసాల ఎపాక్సీ గురించే.

పువ్వు

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎక్కువ మంది తొందరపడేది కూడా ఇక్కడే. తడి ఉన్న పువ్వుని రెజిన్‌లో పెడితే అది వారం పది రోజుల్లో గోధుమ రంగుకి తిరుగుతుంది. లోపలి తడి బయటికి పోలేదు కాబట్టి చుట్టూ తెల్లటి మబ్బు కూడా కమ్ముతుంది. ఒకసారి లోపల పెట్టాక ఇక ఏమీ చేయలేం.

మొదటి లాకెట్‌కి కాగితం పువ్వు (బోగన్‌విల్లా) తీసుకోండి. దాని రేకులో తడి చాలా తక్కువ, రంగు కూడా నిలుస్తుంది. బంతి రేకులు బాగుంటాయి. శంఖుపువ్వు అయితే నీలం కాస్త ముదిరినా అందంగానే ఉంటుంది. గులాబీ ఎరుపు ఎండాక దాదాపు నలుపు అవుతుంది కాబట్టి లేత రంగు గులాబీలే తీసుకోండి. మందారం, నందివర్ధనం ఇప్పుడే వద్దు. వాటిలో నీరు ఎక్కువ, చేయి తిరిగాక చూద్దురు గాని.

పువ్వుని పాత పుస్తకంలో రెండు తెల్ల కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టండి. ఎండాకాలంలో రెండు వారాలు చాలు. వానాకాలంలో మూడు వారాలైనా పడుతుంది, రెండు రోజులకోసారి కాగితం మార్చాలి, లేకపోతే బూజు వస్తుంది. పువ్వు నొక్కుకుపోకుండా ఉన్న ఆకారంలోనే కావాలంటే, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ (తడి పీల్చే గింజలు) పోసి అందులో పువ్వుని పూడ్చి వారం రోజులు వదిలేయండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే అవి తడి పీల్చుకుని నిండిపోయాయని అర్థం. వాటిని వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు కానీ వంటకి వాడే మూకుడులో మాత్రం వేడి చేయకండి, ఆ రంగు కోసం కలిపే మందు మంచిది కాదు.

ఎండిందో లేదో చూడటానికి ఒక రేకుని చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో వంచండి. అప్పడంలా సన్నటి చప్పుడు చేస్తూ విరగాలి. చప్పుడు లేకుండా వంగిందంటే తిరిగి పుస్తకంలో పెట్టేయండి.

పూలే కాదు, రాగులు, ఎండిన ఫెర్న్ ఆకు, మహేంద్రతనయ నది ఒడ్డున ఏరిన సన్నటి ఇసుక కూడా లాకెట్‌లో చాలా బాగుంటాయి. ఇసుకని మూడు నాలుగు నీళ్లలో కడిగి, పెనం మీద వేయించి, చల్లారాక వాడండి. మా ఊరు కొమ్ము పనికి పేరు పడ్డ ఊరు. పశువుల కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసేవాళ్ల దగ్గర మిగిలిపోయే పల్చటి చెక్కులు అడిగి తెచ్చుకుంటాను. వాటి నునుపు మీద రెజిన్ పట్టదు కాబట్టి ముందు ఎమిరీ పేపర్‌తో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి వాడతాను. వెలుతురులో పట్టుకుంటే ఆ చెక్కులో తేనె రంగు గీతలు కనిపిస్తాయి, నాకు అంతకంటే అందమైన నేపథ్యం ఇంకేదీ దొరకలేదు.

గురివింద గింజలు మాత్రం వద్దు. ఎర్రగా, నల్లచుక్కతో ముచ్చటగా ఉంటాయి కానీ లోపలి పప్పు చాలా విషం. గింజకి కన్నం పెట్టినా, ముక్కని అరగదీసేటప్పుడు గింజ తెగినా ఆ పొడి గాలిలోకి లేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చేతులు, గాలి

తొందరలో ఈ భాగం దాటేయకండి, ఇది నాకు చాలా ముఖ్యం. నాతో కలిసి పని మొదలుపెట్టిన ఒకమ్మాయి మొదటి నాలుగు నెలలు ఒట్టి చేతులతోనే చేసింది, ఏమీ కాలేదు. ఐదో నెలలో వేళ్ల మధ్య దురద, ఆ తర్వాత కనురెప్పల వాపు మొదలయ్యాయి. పచ్చి రెజిన్, హార్డనర్ పదేపదే చర్మానికి తగిలితే ఒంటికి దాని మీద అలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టాక సాధారణంగా అది జీవితాంతం ఉంటుంది, చుక్క తగిలినా తిరగబెడుతుంది. ఆ అమ్మాయి చేతిలో మంచి పనితనం ఉండేది. పని మానేయాల్సి వచ్చింది.

అందుకే సీసా మూత తీయకముందే గ్లోవ్స్ వేసుకోండి. ఇళ్లలో దొరికే పల్చటి కవర్ల లాంటివి పనికిరావు, నైట్రైలే కావాలి. చర్మం మీద పడితే పొడి గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడుక్కోండి. స్పిరిట్, థిన్నర్, గోళ్ల రంగు తీసే మందు చర్మానికి రాయకండి, అవి రెజిన్‌ని పల్చన చేసి ఇంకా లోపలికి దింపుతాయి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వంటింట్లో ఈ పని చేయకండి. కిటికీ తలుపు తీసి ఉన్న గది కావాలి. తరచుగా చేసేవాళ్లయితే ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కొనుక్కోవాలి. మామూలు గుడ్డ మాస్కు ఆవిర్లని ఆపదు. గర్భంతో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు పచ్చి రెజిన్ దగ్గరికి రావద్దు.

కొలత

అచ్చులో ఎంత పడుతుందో ముందే తెలుసుకోండి. అచ్చు నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలత గ్లాసులోకి వంచితే మిల్లీలీటర్లు తెలిసిపోతాయి. తర్వాత అచ్చుని బాగా తుడిచి ఒక రాత్రంతా ఆరబెట్టండి, ఒక్క చుక్క కూడా మిగలకూడదు. 4 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతు ఉన్న గుండ్రటి లాకెట్‌కి సుమారు 6 మిల్లీలీటర్లు పడుతుంది.

అయినా 6 మిల్లీలీటర్లే కలపకండి. అంత తక్కువలో ఒక చుక్క తేడా వచ్చినా నిష్పత్తి చెడిపోతుంది. 25, 30 గ్రాములకి తగ్గకుండా కలిపి, మిగిలినది పోయడానికి కమ్మల అచ్చులు పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

నిష్పత్తి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. 1:1 ఉంటుంది, 2:1 ఉంటుంది, 3:1 కూడా ఉంటుంది. సీసా మీద ఏముంటే అదే. అది బరువు లెక్కో, పరిమాణం లెక్కో కూడా చదవండి. మామూలుగా రెజిన్ హార్డనర్ కంటే బరువు ఎక్కువ, కాబట్టి ఈ రెండు లెక్కలు ఒకటి కావు. మిల్లీలీటర్లలో 2:1 అని రాసి ఉన్నదాన్ని కాటా మీద 20 గ్రాములకి 10 గ్రాములు వేస్తే హార్డనర్ ఎక్కువైపోతుంది. "మా అక్క వాళ్లది ఇలాగే కలిపితే బాగా వచ్చింది" అనే మాట వినకండి, ఆవిడ సీసా వేరు, మీ సీసా వేరు.

కలపడం

కప్పులో రెండూ పోశాక పుల్లతో నెమ్మదిగా తిప్పండి, గిలక్కొట్టకండి. మూడు నాలుగు నిమిషాలు, గడియారం చూసుకుంటూ తిప్పండి. కప్పు గోడలు, అడుగు, పుల్లకి అంటుకున్నది, అన్నీ గీకుతూ కలపాలి. మొదట్లో లోపల సన్నటి తీగలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి, నీళ్లలో బెల్లం పాకం వేసినట్టు. ఆ తీగలు ఒక్కటి కూడా లేకుండా అద్దంలా తేటపడాలి. అప్పుడు దాన్ని శుభ్రమైన రెండో కప్పులోకి వంచి, కొత్త పుల్లతో ఇంకో నిమిషం తిప్పండి. మొదటి కప్పు గోడకి అంటుకున్నది సరిగా కలిసి ఉండదు. అది చివర్లో అచ్చులోకి జారితే అక్కడక్కడ జిగట మచ్చలు వచ్చేస్తాయి. రెండో కప్పు వాడటం మొదలుపెట్టాక నాకు ఆ మచ్చలు పోయాయి.

చలికాలం పొద్దుట మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి తోలినప్పుడు రెజిన్ తేనెలా చిక్కబడి బుడగల్ని వదలదు. రెజిన్ సీసాని మూత బిగించి, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టి, బయట తడి పూర్తిగా తుడిచి వాడండి. మరీ వేడి చేస్తే గట్టిపడటం తొందరగా మొదలై, పోయడానికి టైం ఉండదు.

రంగు కావాలంటే ఇప్పుడే కలపండి. మైకా పొడి (మెరిసే రంగు పొడి) గోరు మీద పట్టేంత చాలు. ఏ రంగైనా మొత్తం బరువులో వందకి ఐదు వంతులు దాటకూడదు. నీళ్లతో కలిపిన వాటర్ కలర్లు వద్దు.

కలిపిన కప్పుని మాటల్లో పడి అలా వదిలేయకండి. రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. ఎక్కువ మొత్తం ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేక కప్పు మెత్తబడి పొగ కూడా వస్తుంది. అలా జరిగితే చేత్తో పట్టుకోకుండా, తోసి అయినా సరే బయటికి చేర్చండి.

పోయడం

బల్ల సమంగా ఉందో లేదో చూడండి. కంచంలో కొంచెం నీళ్లు పోసి బల్ల మీద పెడితే ఎటు వాలుగా ఉందో తెలుస్తుంది.

లాకెట్‌కి ముఖం అచ్చు అడుగున వస్తుంది, ఇది మరచిపోకండి. ముందు 2 మిల్లీమీటర్ల పొర పోసి మూడు నుంచి ఐదు గంటలు ఆగండి. గ్లోవ్ వేసుకున్న వేలితో అంచు దగ్గర తాకితే జున్నులా మెత్తగా ఉండాలి, అంటుకోవాలి, తీగ సాగకూడదు. అప్పుడు కొత్తగా రెజిన్ కలిపి, పువ్వుకి రెండు వైపులా పుల్లతో పల్చగా రాసి, ముఖం కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. ముందు రాయడం ఎందుకంటే రేకుల మడతల్లో దాగిన గాలి అప్పుడే బయటికి వచ్చేస్తుంది. ఒకేసారి మొత్తం పోసి పువ్వు పెడితే అది తేలి పైకి వచ్చేస్తుంది. తర్వాత అదే రెజిన్‌తో మిగతా లోతు నింపండి. మొదటి పొర పోసి ఒక రోజు దాటిపోయిందా? అయితే దాన్ని ఎమిరీ పేపర్‌తో గరుకు చేసి, తుడిచి, తర్వాతే పోయండి. నున్నగా ఉంటే పొరలు పట్టుకోవు.

బుడగలు పైకి వస్తే హీట్ గన్నో లైటరో పైపైన ఒక్క క్షణం తిప్పితే పగిలిపోతాయి. ఒకేచోట ఆపితే సిలికాన్ అచ్చు పాడవుతుంది, పువ్వు మాడుతుంది. పువ్వు దగ్గర టూత్‌పిక్కే మంచిది.

వెంటనే పైన ఒక గిన్నె బోర్లించండి. తొలకరి వానలకి దీపం చుట్టూ ఉసిళ్లు ఎలా మూగుతాయో మనందరికీ తెలుసు. ఒక్క రెక్క పడినా తీయడం కష్టం.

ఇరవై నాలుగు గంటలు కదపకండి, చలికాలంలో ముప్పై ఆరు. గట్టిపడిందో లేదో లాకెట్‌ని గిచ్చి చూడొద్దు, కప్పులో మిగిలినదాన్ని గోటితో నొక్కి చూడండి. అచ్చు నుంచి తీశాక కూడా పూర్తి గట్టిదనం రావడానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది.

వానాకాలం

ఒక జూలైలో పెళ్లికి ఇవ్వడానికి పన్నెండు లాకెట్లు అడిగారు. వారమంతా ముసురు. కొలత సరిగ్గానే ఉంది, కలపడమూ సరిగ్గానే ఉంది. మర్నాడు చూస్తే పన్నెండిటి మీదా నూనె రాసినట్టు జిడ్డు పొర, కింద తెల్లగా మసక. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే హార్డనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు పైకి చేరి తేమతో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఇలా జిడ్డు పొర కడతాయి. అది నీళ్లలో కరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి స్క్రబ్బరుతో రుద్దితే జిడ్డు వదిలేసింది, తర్వాత ఎమిరీ పట్టి, పల్చగా ఇంకో పొర పోశాను. ఎనిమిది బాగుపడ్డాయి. నాలుగిటిలో మసక లోపలికి దిగిపోయింది, అవి మళ్లీ చేశాను.

అప్పటి నుంచి గదిలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టుకున్నాను. 60 శాతం లోపు ఉంటే ధైర్యంగా పోస్తాను, 70 దాటితే సీసా మూత తీయను. వాన వారాల్లో పూలు ఎండబెట్టుకోవడం, పాత ముక్కలకి మెరుగు పెట్టడం లాంటి పనులు చేసుకోండి.

పైపైన జిడ్డు కాకుండా ముక్క మొత్తం మెత్తగా వంగుతుంటే అది కొలత తప్పు, దాన్ని బాగుచేయలేం. అక్కడక్కడే జిగటగా ఉంటే కలపడం సరిపోలేదు. ఆ చోటు గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, సరిగ్గా కలిపిన పొర పోస్తే సరిపోతుంది.

మెరుగు, కన్నం

మూడు రోజులు ఆగాక అంచులు అరగదీయండి. పొడిగా రుద్దితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, నీళ్ల తొట్టిలో ముంచి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. 400తో మొదలుపెట్టి 600, 1000, 2000. మా ఊరి కొమ్ము పనివాళ్లు మెరుగు పెట్టడం పక్కన కూర్చుని చూశాకే నాకు ఇది సరిగ్గా వచ్చింది. ముక్కని తుడిచి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తారు. ముందు పేపరు గీతలు ఒక్కటి కనిపించినా తర్వాతి నంబరుకి పోరు. నేను 400 గీతలు 1000తో పోతాయిలే అనుకుని గంటలు రుద్దేదాన్ని. చివర్లో పాలిష్ క్రీము మెత్తటి గుడ్డకి పట్టించి రుద్దితే అద్దంలా వస్తుంది.

కన్నానికి మిషను వద్దు, వేగానికి పుట్టే వేడికి రెజిన్ మెత్తబడి బిట్టుకి చుట్టుకుంటుంది. చేతి పిడితో లాకెట్ అంచు నుంచి లోపలికి నెమ్మదిగా తిప్పుతూ 5 మిల్లీమీటర్ల లోతు దింపండి, పొడి ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. ఐ పిన్ను కాడని ఆ కొలతకి కత్తిరించి, ఒక చుక్క రెజిన్ ముంచి దూర్చండి. జంప్ రింగుని రెండు పట్టకార్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి తెరవాలి. పక్కలకి లాగితే గుండ్రం పోయి, మళ్లీ మూసినా సందు ఉండిపోతుంది.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఎండలో వదలొద్దని, సెంటు నేరుగా కొట్టొద్దని చెప్పండి. ఎండ తగిలే కొద్దీ ఎపాక్సీ పసుపు తిరుగుతుంది, మంచి సీసాలో ఆలస్యంగా తిరుగుతుంది, అంతే. మామూలు ఆర్ట్ రెజిన్ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి కోస్టర్ చేస్తే పొగలు కక్కే గిన్నె దాని మీద పెట్టొద్దని కూడా చెప్పండి.

మిగిలిన పచ్చి రెజిన్‌ని కాలువలోనూ, సింకులోనూ పోయకండి. కలిపేసిన కప్పుని అలాగే గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. సీసాల మూతి తుడిచి, ఎవరి మూత వారికే బిగించండి. మూతలు మారితే అవి అతుక్కుపోయి ఇక రావు. చలికాలంలో రెజిన్ సీసా అడుగున తెల్లగా, పేరిన నెయ్యిలా కనిపిస్తే పారేయకండి, అది పాడవలేదు. మూత బిగించి, చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో కొంతసేపు నిలబెట్టి, నీళ్లు చల్లారితే మారుస్తూ, పూర్తిగా తేటపడేదాకా ఉంచండి. గది వేడికి చల్లారాక మామూలుగా వాడుకోవచ్చు.